మూడో ఇంజెక్టరు పైపు

డీజిలు పంపు విప్పుతానని మామయ్యకి ఎందుకు మాటిచ్చారన్నా? మీకు దణ్ణం పెడతాను, ఆ బండి పంపులో ఏ లోపమూ లేదు. ఉంటే నాకు తెలీదా?

నవ్వకండి. నిజంగానే తెలుసు. మీ షెడ్డులో మంచినీళ్ళు తాగొస్తానని చెప్పి దిగాను, మామయ్య బయట ఇంజను కూడా ఆపలేదు. పాప బడికి వెళ్తోంది, వెనక సీట్లో ఉంది. ఉన్నది రెండు నిమిషాలే, చెప్పనివ్వండి.

మీరు మొదటిసారి మా ఇంటికొచ్చి చూసిన రోజు గుర్తుందా? ఇంజను కింద తడి. ఎక్కణ్ణుంచో అంతు చిక్కడం లేదు. మీరు అంతా గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, "పౌడరుందా అమ్మా?" అన్నారు. పాప డబ్బా తెచ్చిచ్చాను. ఇంజనంతా పెళ్ళికూతురి మొహంలా తెల్లగా అద్ది స్టార్ట్ చేశారు. కాసేపటికే మూడో ఇంజెక్టరు దగ్గర ఒక్క నల్లటి చుక్క! "ఇదిగో, మిగిలిన డీజిలు వెనక్కి పోయే పైపు. ఎండి పగిలింది. చూడమ్మా, వేలితో లాగితే ఊడొస్తుంది" అన్నారు. కొత్తది వేశారు. అది నిజం లీకేనన్నా.

ఆ తర్వాతవి నావి.

అవును. నేనే. పొద్దున్నే చెత్త పారేసే వంకతో బయటికొచ్చి, బానెట్ ఎత్తి, ఆ పైపుని సగం దాకా లాగి వదిలేసేదాన్ని. మీరు వచ్చేలోపు మళ్ళీ నొక్కేసేదాన్ని. అందుకే మీకు తడి కనపడేది, కారే చోటు కనపడేది కాదు. పాపం, ఫిల్టరు రబ్బరు మార్చారు, ట్యాంకు వైపు గొట్టం మార్చారు. గాలి పీలుస్తోందేమోనని పారదర్శకంగా ఉండే పైపు పెట్టి, బుడగల కోసం గంటసేపు గొంతుక్కూర్చున్నారు. నేను పక్కనే నిలబడి టీ ఇచ్చాను. సిగ్గులేదు నాకు!

ఎందుకంటే... మామయ్య సంగతి మీకు తెలుసుగా. ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. బయల్దేరే ముందు ఐదు నిమిషాలు ఇంజను తిప్పి, బానెట్ కింద చెయ్యి పెట్టి తడుముతారు. వేళ్ళకి డీజిలు అంటిందా, ఇక బండి కదలదు. "కారే బండిని రోడ్డెక్కించేవాడు డ్రైవరే కాదు" అంటారు. ఆ రోజు పాపా నేనూ బస్సులో పోతాం. ఆయన్ని ఆపడానికి ఆ ఒక్క పట్టింపే నాకు దొరికింది.

ఆయనకి చూపు లేదన్నా.

మెల్లగా మాట్లాడండి! బయటికి వినపడుతుంది. ఆయనకి ఎదురుగా కనపడుతుంది. పక్కలే లేవు. నీటికాసుల జబ్బట. ఆయన చొక్కాలు సర్దుతుంటే డాక్టరు రాసిన కాయితం దొరికింది. బండి నడపకూడదని కింద గీత గీసి మరీ రాశాడు. తేదీ చూస్తే పోయినేడాదిది!

ఓ రోజు ఎడమ పక్కనుంచి సైకిలొచ్చింది, ఎవరో పెద్దాయన. నేను కేక పెట్టి స్టీరింగు లాగేశాను. సైకిలు చక్రానికీ మా బంపరుకీ మధ్య బెత్తెడు. మామయ్య ఏమన్నారో తెలుసా? "ఎందుకమ్మా అరుస్తావు, చూశానుగా!" చూళ్ళేదన్నా. చూళ్ళేదు.

మా ఆయనకి ఫోన్లో చెప్పాను. నెలకోసారి ఇంటికొచ్చే మనిషి. "నాన్నకి ఆ బండి తప్ప ఇంకేముంది, నొప్పించకు" అన్నారు. బస్సులో పోతానంటే మామయ్య ఆ పూట అన్నం ముట్టలేదు. "నా చేతుల మీద నమ్మకం పోయిందా అమ్మా?" ఒకటే మాట. ఏం చెప్పను? అత్తయ్య పోయాక నన్ను కూతురిలా చూసుకున్నారు. రోజూ నాకోసం తలుపు తెరిచి పట్టుకుంటారు. ఎక్కుతాను. బెల్టు పెట్టుకుంటాను. ఇక దిగేదాకా వాగుతూనే ఉంటాను. "అబ్బ, ఎడమన ఆ లారీ ఎంత పెద్దదో మామయ్యా! అదిగో కుడిపక్క ఆవిడ చీర చూడండి, ఎంత బాగుందో!" నా కోడలు వసపిట్ట అని అందరికీ మురిసిపోతూ చెప్పుకుంటారు.

మరి ఇప్పుడెందుకు చెప్తున్నానంటారా? మీ షెడ్డు చూడండి. పోయిన నెల నాలుగు బండ్లుండేవి, ఇప్పుడు ఒక్కటీ లేదు. వాడికి పనితనం పోయింది, లీకు కూడా పట్టలేడని మామయ్య టాక్సీ స్టాండులో అందరికీ చెప్పారు. మీరేమో పంపు విప్పి చూస్తానన్నారు. విప్పితే బండి కదలదు, నాకు పది రోజులు హాయే. కానీ మీరలా తలొంచుకుని నిలబడితే చూడలేకపోయాను. అందుకే నిన్నా ఇవాళా పైపు లాగలేదు.

నిన్న పాపకి సెలవు. ఆయన ఒక్కరే బయల్దేరారు. కిటికీలోంచి చూస్తున్నాను. మలుపు తిరిగారు. అప్పుడు నాకేమనిపించిందో తెలుసా? భయం కాదన్నా. పాప అందులో లేదు కదా, అయ్యేదేదో ఇవాళే అయిపోతే బాగుండుననిపించింది. ఏ స్తంభానికో... ఒక్కరే... ఇంకెవరికీ తగలకుండా... పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా కదలకుండా అలాగే నిలబడ్డాను.

గంటకి తిరిగొచ్చారు. ఎందుకెళ్ళారో తెలుసా? నా చెప్పు తెగిందట. కుట్టించుకొచ్చారు.

మీరు ఆయనకి చెప్పండన్నా. ఇంజను పోయింది, ఈ పాత మోడలుకి సామాను దొరకదని. మీ మాటైతే... ఏంటి? బస్సు డిపోలో మిమ్మల్ని పనిలో పెట్టించింది ఆయనేనా? ఆయన మొహం మీద అనలేరా? సరే. నేను మాత్రం అనగలిగితే ఇంత దూరం వచ్చేదాన్నా?

హారను కొడుతున్నారు. వస్తున్నా మామయ్యా!

నేనెక్కుతాను. పక్కలు చూసేవాళ్ళు ఒకరుండాలి కదా. బడి ఈ సందు చివరే అన్నా. పాపని ఇక్కడే దింపేస్తాను, కాస్త చెయ్యి పట్టుకుని నడిపించి వదిలి రండి. ఎందుకు దింపానని ఆయనడిగితేనా? ఏదో ఒకటి చెప్తాలెండి. నాకు అబద్ధాలకి కొదవా!