కిటికీ పక్క మిషను

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లగా కుట్టుమిషన్ల గదిలో పెద్ద టైలరమ్మ ఒక్కతే ఉంది. సూపర్‌వైజరు గడప దాటి లోపలికి రాలేక నిలబడిపోవడం చూసి ఆమె కడుపు చల్లబడింది.

"కిటికీ పక్క మిషను దానంతటదే తిరుగుతోందమ్మా. ఎవరో దారం పంటితో కొరుకుతున్న చప్పుడు కూడా."

"మా చెల్లి అలాగే కొరికేది బాబూ. ఒళ్లు కాలిపోతోంది, ఇంటికి పంపమని మీ కాళ్లావేళ్లా పడింది. వేషాలు చాలించి కుట్టమన్నారు. ఆ మిషను మీదే పోయింది."

"మీరంతా కలిసి ఏం చేశారు?"

"దారం తెగినప్పుడల్లా అందరం ఒకేసారి మా చెల్లిని తలుచుకున్నాం. ఒకరు దాని దగ్గు, ఒకరు దాని నడక, నేను దాని పళ్లు. తలా కాస్త ఇస్తే లేచి కూర్చుంది."

"మీకు దండం పెడతాను, తలుచుకోవడం ఆపేయండి."

"మీ మొహంలో భయం చూసిన రోజే ఆపేశాం. మాకిప్పుడు ఏ చప్పుడూ వినపడదు."

"మరి నాకెందుకు వినపడుతోంది?"

"మా అందరికన్నా గట్టిగా మీరొక్కరే తలుచుకుంటున్నారుగా."