మామయ్య మోసుకొచ్చిన అమ్మాయి

సాయంత్రం ఆరు కావొస్తోంది. సన్నగా తుంపర పడుతోంది.

మా మేడ కింద దర్జీ దుకాణం ఉంది. నేను అక్కడే కాజాలు కుడతాను, గుండీలు వేస్తాను. ఆ పూట టైలరు మాస్టారు ప్యాంటు గుడ్డ కత్తిరిస్తున్నారు. మూడో అంతస్తు పెద్దావిడ దిండు గలీబుల కోసం దిగి, వాన తగ్గేదాకా అని స్టూలు మీద కూర్చుంది. అప్పుడు మా తమ్ముడు బయట స్కూటర్ ఆపి లోపలికొచ్చాడు.

మధ్యాహ్నం వాడే మా పిల్లలిద్దరినీ, మా మరదలినీ థాయ్ హోటల్‌కి తీసుకెళ్ళాడు. మా పెద్దమ్మాయికి కళ్ళద్దాల దుకాణంలో ఉద్యోగం వచ్చిందని. నలుగురు వెళ్ళారు.

"పిల్లలేరీ?" అన్నాను.

"నీ మరదలు బస్సులో తీసుకొస్తోంది. ముందు గ్లాసుడు మంచినీళ్ళియ్యి అక్కా. ఈ పూట నేను చేసింది ఇంకెవరైనా చేసుంటే రేపు పేపర్లో వేసేవాళ్ళు."

"నువ్వు చెప్పావని తెలిస్తే మానేస్తారులే" అన్నారు మాస్టారు, కత్తెర ఆపకుండా.

మా తమ్ముడు లిఫ్టులు బాగుచేస్తాడు. తెగిన లిఫ్టు తీగని పళ్ళతో పట్టుకుని ఆపానని వాడు చెప్పగా విన్నవాళ్ళమే అందరం. అందుకని ఎవరూ తల ఎత్తలేదు.

"అది కాదు మాస్టారూ, వినండి. వెళ్ళాం, కూర్చున్నాం, వడ్డించే అమ్మాయి వచ్చి కారం తక్కువా, మధ్యస్థమా, ఎక్కువా అని అడిగింది. నేను నవ్వి, అమ్మా, మీ వంటింట్లో ఎంతుంటే అంత వేసుకురా అన్నాను. తెచ్చింది. పచ్చి బొప్పాయి కోరు, దాని మీద వేరుశెనగ పలుకులు, నిమ్మరసం, ఇంతింత మిరపకాయలు, చూడ్డానికి చిటికెన వేలి గోరంతే, ఒక్కటి కొరికితే కళ్ళల్లోంచీ చెవుల్లోంచీ కూడా నీళ్ళు కారతాయి. నేను గుప్పెడు తిన్నాను."

"నీళ్ళు తాగావా?" అంది పెద్దావిడ.

"నీళ్ళెందుకండీ, ఇంకో గుప్పెడు తెమ్మన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వంటాయన టోపీ తీసి చేత్తో పట్టుకుని బయటికొచ్చాడు. నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉంది. ఆయన కళ్ళ నిండా నీళ్ళు. మా తాతగారి తర్వాత మళ్ళీ మిమ్మల్నే చూస్తున్నానన్నాడు."

"ఏ భాషలో అన్నాడు?" అన్నారు మాస్టారు.

"ఏడ్చేవాడికి భాషేంటండీ. ఇంతలో మిగతావన్నీ వచ్చాయి. కొబ్బరిపాల ఆకుపచ్చ కూర, నిమ్మగడ్డి సూపు, వెడల్పాటి నూడుల్సు. మా మేనకోడలి సంగతి మీకు తెలుసుగా. అది ఫోటో తీసేదాకా ఎవరూ చెయ్యి పెట్టకూడదు."

నాకు తెలుసు. అది ఏం తిన్నా ఫోటో తీస్తుంది. డబ్బాలో అన్నమైనా, బ్రెడ్డు ముక్కయినా. తీసి నాకు పంపుతుంది. నేను 'తిను' అని పెడతాను. పగలంతా మా ఇద్దరికీ అవే మాటలు.

"పైనుంచి తీస్తే బాగుంటుంది మామయ్యా అంది. సరేనని కుర్చీ ఎక్కి ఫోన్ పట్టుకున్నాను. సూపు ఆవిరి అడ్డం. ఒక్క ఊదు ఊదాను. ఆవిరి రెండు పాయలై అటూ ఇటూ తప్పుకుంది, పెద్దమనిషికి దారిచ్చినట్టు. హోటలంతా చప్పట్లు. సరిగ్గా అప్పుడు వంటింట్లో భగ్గుమంది."

సూది నా వేలిలో దిగింది.

"ఏం భగ్గుమంది?" అన్నాను.

"మంట. అదేగా చెప్పబోతున్నాను."

"పిల్లలు?"

"బంగారంలా ఉన్నారు. మధ్యలో ఆపకక్కా."

రక్తం గుడ్డకి అంటకుండా వేలు నోట్లో పెట్టుకున్నాను.

"బాణలిలో నూనె అంటుకుని, పొగ గొట్టంలోకి పాకి, అక్కణ్ణించి పైకప్పుకి. మీ బీరువాలో తానులున్నాయే, అవి విప్పితే ఎంత పొడుగుంటాయో, అంతంత నాలికలు. జనం కుర్చీలు తోసుకుంటూ ఒకరి మీద ఒకరు పడుతున్నారు. నేను మాత్రం కుర్చీ దిగలేదు. నిలబడి ఆలోచించాను. సూపు గిన్నె అందుకుని మంట మీద ఒక్కటిచ్చాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మంటకి తుమ్ములు పట్టుకున్నాయి."

"మంటకా?"

"మంటకే. ఆ ఘాటు అలాంటిది. తుమ్మినప్పుడల్లా కొంచెం వెనక్కి జరిగేది. అది జరిగిన సందులోంచి దూరి, ఈ చేత్తో ఇద్దర్ని, ఆ చేత్తో ఇద్దర్ని బయటికి తెచ్చాను. మళ్ళీ వెళ్ళి వంటాయన్ని తెచ్చాను. మళ్ళీ వెళ్తే ఓ మూల ముసలి దంపతులు, లేవలేరు పాపం. ఎందుకు శ్రమ అని బల్లని బల్లలాగే ఎత్తాను, కుర్చీలతో సహా. వాళ్ళు తింటూనే ఉన్నారు. గుమ్మం దగ్గర జాగ్రత్త బాబూ, కూర ఒలుకుతుంది అన్నారు."

మాస్టారు నవ్వారు. పెద్దావిడా నవ్వింది. నేనూ నవ్వాననుకుంటాను. బల్ల ఎత్తానన్నాడంటే, ఆ మంట కూడా అగ్గిపుల్లంతే అయ్యుంటుందని.

"పెద్దది భయపడిందా?" అన్నాను.

"అదా? దాన్ని మొదట్లోనే భుజం మీద ఎక్కించుకున్నాను. ఇదంతా చేస్తున్నంతసేపూ అక్కడే ఉంది. కదలకు మామయ్యా, ఫోటో చెదిరిపోతోంది అంటుంది. పైన నిప్పు, కింద నేను, మధ్యలో దాని ఫోటోలు. ఇంతలో ఫైరింజను వచ్చింది. పైపు విప్పబోతుంటే, ఎందుకు బాబూ శ్రమ, చుట్టి లోపల పెట్టుకోండి అన్నాను. వాళ్ళ ఆఫీసరు టోపీ తీసి..."

"ఈయనా తీశాడూ టోపీ" అన్నారు మాస్టారు.

బస్సు ఆగింది. మా మరదలు చిన్నదాని చెయ్యి పట్టుకుని దిగింది. ఇద్దరూ తడిసి ఉన్నారు. దగ్గరికి రాగానే పొగ వాసన కొట్టింది.

మరదలు దుకాణం నాలుగు మూలలూ చూసింది.

"పెద్దమ్మాయి పైకెళ్ళిందా వదినా?"

"నీతో కదా వచ్చేది?"

"నాతోనా? స్కూటర్ మీద ఈయనతో వచ్చేసిందనుకున్నాను."

తమ్ముడు గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు చెయ్యి పట్టుకుని నిలబడి ఉంటే చూశానే."

"పట్టుకున్నది దీని చెయ్యి అండీ."

కత్తెర ఆగింది.

పెద్దావిడ తమ్ముడి వైపు తిరిగింది. "భుజం మీద ఎక్కించుకున్నానన్నావు కదా నాయనా. ఎక్కడ దించావు?"

ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగింది.

వాడు నోరు తెరిచాడు.

"మామయ్య అందరికంటే ముందు పరిగెత్తాడు" అంది చిన్నది. "ప్లేటుతో."

"మరి అక్క?"

"అక్క వంటగదిలో ఉంది. వంటాయన బాణలి ఎగరేస్తుంటే ఫోటో తీస్తానని వెళ్ళింది."

ఆ తర్వాత ఎవరేమన్నారో నాకు వినబడలేదు. వంటగదిలో ఉంది. అదొక్కటే.

మాస్టారు పెద్దదానికి ఫోన్ చేశారు. స్విచాఫ్. నా ఫోన్‌లో మధ్యాహ్నం అది పంపిన ఫోటో తీశాను. బల్ల నిండా గిన్నెలు. తమ్ముడి ముందున్న పళ్ళెంలో తీపి అన్నం, మామిడిపండు ముక్కలు. మిరపకాయ ఒక్కటి లేదు. మాస్టారూ చూశారు. ఫోటో కింద నా జవాబు ఉంది: తిను.

"మంట నిజం అక్కా" అన్నాడు తమ్ముడు. "చాలా పెద్ద మంట. అందరూ తోసుకొస్తుంటే నేను... బయటికొచ్చాక చూశానక్కా, ఒట్టు. రోడ్డుకి అటుపక్క నీ మరదలు నిలబడి ఉంది. పిల్లలిద్దరూ దాంతోనే ఉన్నారనుకున్నాను."

అది వాడి గొంతులా లేదు.

"వెళ్ళు" అన్నాను.

స్కూటర్‌కి తాళంచెవి పెట్టలేకపోయాడు. మాస్టారు వెళ్ళి, వాడి చేతిలోంచి తీసుకుని పెట్టారు. వాన పెద్దదైంది.

ఇందాక నవ్విన మాటలే మళ్ళీ చెవుల్లో తిరుగుతున్నాయి. భుజం మీద ఉందన్నాడు. కదలకు మామయ్యా అందన్నాడు. వాడు పుట్టాక కోసిన కోతలన్నిట్లో ఆ ఒక్కటి నిజమైతే చాలు. మిగతావన్నీ అబద్ధాలైనా సరే.

మరదలు చిన్నదాని తల తుడుస్తోంది. తుడిచిందే తుడుస్తోంది. పెద్దావిడ నా వేళ్ళ మధ్యనుంచి సూది తీసేసుకుంది.

ఎంతసేపో తెలియదు. వీధి మలుపులో ఒకే గొడుగు కింద ఇద్దరు వస్తున్నారు. ఒకావిడ పొట్టిగా ఉంది, నడుముకి తడిగుడ్డ చుట్టుకుని. రెండో మనిషి మొహం కనబడలేదు. నడక కనబడింది.

ఆ నడక నాకు తెలుసు.

"అమ్మా" అంది పెద్దది. మొహమంతా మసి. కనుబొమ్మల కొసలు కమిలి ఉన్నాయి.

చేతులు చూశాను. మెడ చూశాను. కాళ్ళు చూశాను.

"తిన్నావా?" అన్నాను. ఆ మాటే వచ్చింది.

గొడుగావిడ ఆ హోటల్లో గిన్నెలు కడుగుతుందట. మంట లేవగానే దీన్ని రెక్క పట్టుకుని వెనక తలుపులోంచి సందులోకి లాగింది ఆవిడే. ముందు రోడ్డు మూసేశారు. చుట్టూ తిరిగి అటు వచ్చేసరికి మావాళ్ళు లేరు. పిల్ల వణుకుతుంటే మళ్ళీ సందులోకి తీసుకెళ్ళి, బోర్లించిన కూరగాయల ట్రే మీద కూర్చోబెట్టారు. వంటవాళ్ళూ అక్కడే చేరారట. వాళ్ళ భోజనం గిన్నె ఎవరో బయటికి తెచ్చారు. అన్నం, ఏదో ఆకు వేసి వేయించిన కోడిమాంసం, పైన గుడ్డు. వాళ్ళతోపాటే దీనికీ పెట్టారు.

"అది వాళ్ళు రోజూ తినేదటమ్మా. మెనూలో ఉండదట. ఫోటో తీశాను. నీకు పంపేలోపు ఫోన్ చచ్చిపోయింది" అంది. "చాలా బాగుంది" అంది. అప్పుడు ఏడ్చింది.

తమ్ముడికి ఫోన్ చేశాం. ఎత్తలేదు. బండి మీద ఉండి ఉంటాడు అన్నారు మాస్టారు. ఇక వాడి కోసం వీధిలోకి చూడటం మొదలుపెట్టాను.

వచ్చాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. గుమ్మం బయటే నిలబడ్డాడు, తల వంచుకుని.

"షట్టరు దించేశారక్కా. ఎవరూ లేరు. ఆస్పత్రికి కూడా వెళ్ళాను. అక్కడా..."

"మామయ్యా" అంది పెద్దది.

తలెత్తి చూశాడు. ఆ తడి మెట్టు మీదే కూలబడ్డాడు. మాస్టారు తువ్వాలు ఇస్తే ఒళ్ళో పెట్టుకున్నాడు, తుడుచుకోలేదు. పెద్దది వెళ్ళి వాడి పక్కన కూర్చుంది.

గొడుగావిడని కూర్చోమంటే కూర్చోలేదు. ఇంట్లో ఎదురుచూస్తుంటారంది. చేరగానే ఫోన్ చేయమని నా నంబరు ఇచ్చాను.

తమ్ముడు. మరదలు. చిన్నది. పెద్దది. నలుగురు. మళ్ళీ లెక్కపెట్టాను. నలుగురే.

కాసేపటికి ఫోన్ మోగింది. గొడుగావిడ ఇల్లు చేరిందట.

ఐదుగురు.