అత్తగారి ఊరి కల్లు

భార్యకు ఫిట్స్ వచ్చాయని మోత్కూరు దవాఖానకు తెచ్చిన గొర్లకాపరి, డాక్టరమ్మ ముందు బల్ల మీద కూర్చుని అత్తగారి ఊరిని తిడుతున్నాడు.

“గాళ్ల కల్లుల ఏందో కలిపిన్రు మేడం. మూడు దినాలు తాగింది, నాలుగో దినం కాళ్లు చేతులు కొట్టుకున్నది.”

“ఏం కల్లు అది?”

“చెట్టు మీదికెళ్లి దించంగనే పోసిన్రు.”

“మీ ఊర్ల తాగేది?”

“కల్లు కంపౌండ్ల, గదే దుకాణంల, అమ్మే సీసా కల్లు. పదేండ్ల సంది తాగుతున్నం, ఒక్కనాడు గిట్ల కాలే.”

“ఎట్లయితది? అండ్ల నిద్రగోలీల పొడి కలుపుతరు. మీ నరాలు దానికి మరిగినయ్. గా పొడి దొరకకనే ఆమెకు ఫిట్స్ వచ్చినయ్. మంచి కల్లు పోసినోళ్లను తిడుతున్నవ్, మత్తుగోలీలు పోసినోన్ని మెచ్చుకుంటున్నవ్. శాన తెలివి నీది!”

“ఉత్త మాటలు మేడం. నేను గూడ మూడు దినాలు గదే చెట్టు కల్లు తాగిన. నాకేమైంది?”

డాక్టరమ్మ చిన్న రబ్బరు సుత్తితో అతని మోకాలి కింద మెల్లగా తట్టింది. కాలు ఎగిరి ఎదురుగా ఉన్న స్టూలును తన్నింది.

“అమ్మో! నేను లేపలే మేడం!”

“నువ్వెందుకు లేపుతవ్? గింత మెల్లగ తడితే కాలు గంతగనం ఎగురొద్దు. ఆమె పక్క మంచం ఖాళీగ ఉంది. పోయి పండుకో, నీకు గూడ మొదలైతాంది.”