జాకీ అల్లిన జడ

ఎందుకురా దాచేస్తున్నావు? తలుపు కొట్టింది పక్కింటాయన కదా, పోలీసు కాదుగా. చూశాన్లే, మీ తాతకి చెవులు మందగించాయి కానీ కళ్ళు బాగానే ఉన్నాయి. కూతురి బట్టలు మడతపెడుతున్నవాడివి, బెల్లు మోగగానే వాటి మీద పేపరు కప్పేసి, కాలు మీద కాలేసుక్కూర్చున్నావు. నీ పిల్ల బట్టలు నువ్వు మడతపెడితే ఆయన సొమ్మేం పోయిందట? తియ్యి ఆ పేపరు. సగం ఇటు తొయ్యి, నేనూ ఓ చెయ్యి వేస్తాను. ఈ కాలం పిల్లలు చాలా ముందుకెళ్ళిపోయారని అందరూ అంటుంటే నిజమే కాబోలనుకున్నాను. పేపరు చాటుకే వెళ్ళారన్నమాట. జాకీ ఉండుంటే ఇవాళ నిన్ను దులిపేసేవాడు. జాకీ ఎవడా? చెప్పలేదూ నీకు? అదేంట్రా, ప్రపంచమంతా చెప్పానే. సరే విను, విని తీరాలి. వాడు పోయి ముప్పై ఏళ్ళు దాటింది, ఇప్పటికీ వాడి పేరెత్తితే నాకు కూర్చోబుద్ధి కాదు.

రేవులో మా తాళ్ళ షెడ్డులో పని వాడికి. నేను మేస్త్రీని, నా కింద పద్నాలుగు మంది. ఓడల్లోంచి సరుకు దించే తాళ్ళన్నీ మా చేతుల మీదుగా పోవాల్సిందే. జాకీ అనేది వాడి అసలు పేరు కాదులే. ఓసారి షెడ్డు ముందు లారీ చక్రం గుంటలో దిగబడింది. జాకీ తెస్తానని డ్రైవరు పరిగెత్తాడు. వాడు తిరిగొచ్చేలోపు వీడు వెనక్కి తిరిగి, వంగి, రెండు చేతులా బంపరు పట్టుకుని లేపేశాడు. నా కళ్ళతో చూశాను. అంటే, లారీ ఖాళీదే అనుకో. అయినా లారీ లారీయే కదా. ఆ రోజు నుంచి వాడు జాకీ. అలాంటివాడు. వాడి అరచేతిలో నీ మొహం పట్టేది. ఇంకోటి, మా షెడ్డులో ఓ పద్ధతి ఉండేది. తాడు కొసకి ఉంగరం వేస్తాం చూడు, అంటే కొసని వెనక్కి మడిచి, మూడు పేటలూ విడదీసి, ఒక్కో పేటనీ మళ్ళీ అదే తాడులోకి సూదితో గుచ్చి దూర్చేస్తాం. సూదంటే బట్టలు కుట్టేది కాదు, జానెడు ఇనప కడ్డీ. అలా వేసిన ఉంగరం లాగేకొద్దీ బిగుస్తుంది, చచ్చినా ఊడదు. వేసినవాడే దానికి ముందు వేలాడాలి. అదీ పద్ధతి. క్రేను తగిలించి నలభై అడుగులు లేపేవాళ్ళం. పైన కాళ్ళు వణక్కూడదు. వణికితే వాడు మగాడే కాదు, వారమంతా అందరి టీ గ్లాసులూ వాడే కడగాలి. ఆ రూలు పెట్టింది ఎవరనుకున్నావు, నేనే. అప్పట్లో మగతనం గురించి నాకు తెలియనిది లేదు మరి.

ఆ, ఎక్కడున్నాం. జాకీ భార్యకి ఊపిరితిత్తుల జబ్బు చేసింది. ఎక్కడో దూరంగా ఉన్న ఆసుపత్రిలో చేర్చారు, ఏడెనిమిది నెలలు కదలకూడదన్నారు, పిల్లల్ని గేటు కూడా దాటనివ్వరు. వీళ్ళకి ఏడేళ్ళ కూతురు. వెళ్ళేముందు తల్లి చెప్పిందట, 'నే వచ్చేసరికి నీ జుట్టు నడుం దాకా రావాలి, వచ్చి నేనే కొలుస్తా' అని. ఏదో పిల్ల ఏడుపు ఆపడానికి అన్న మాట. ఆ పిల్ల మాత్రం దాన్ని పట్టుకుని కూర్చుంది. దువ్వెన తెస్తే పరుగు, కత్తెర కనిపిస్తే కేకలు. ఈలోపు దిగింది వాడి అత్తగారు. బళ్ళో హెడ్డుమిస్ట్రెస్సుగా చేసి రిటైరైన మనిషి, మాట్లాడితే బల్ల మీద స్కేలు కొట్టినట్టుంటుంది. 'చూడు బాబూ, నువ్వు మంచివాడివే, కాదన్ను. కానీ మగాడివి. ఆడపిల్లని సాకడం నీ వల్ల కాదు. నెల రోజులిస్తాను. నెల తిరిగి నేనొచ్చేసరికి పిల్ల పిల్లలా ఉంటే సరే. లేదంటే నాతో తీసుకుపోతాను, ఆ జుట్టు బాబ్డ్ కట్ చేయించి మా ఊరి బళ్ళో వేస్తాను.' లారీ లేపినవాడు ఆవిడ ముందు నోరు లేపలేకపోయాడు. పిల్ల వెళ్ళిపోతే వాడికి ఆ ఇంట్లో ఇంకేం మిగుల్తుంది చెప్పు. పెళ్ళాం అక్కడ, పిల్ల ఇంకోచోట. ఆ మాట వాడు నాతో అనలేదు. అనడు కూడా. మేం అలాంటివి మాట్లాడుకునేవాళ్ళం కాదు.

ఇక చూడు అసలు కథ. బళ్ళో పేలు పడ్డాయని చీటీ వచ్చింది, రేపటినుంచి ఆడపిల్లలంతా జడలు గట్టిగా వేసుకు రావాలి, లేదా కత్తిరించుకు రావాలి అని. గట్టిగా అన్నారు కదా, వాడికి గట్టిగా అంటే ఒక్కటే తెలుసు. పిల్ల జుట్టు మూడు పాయలు చేసి, కిందిదాకా పేనేసి, కొసని వెనక్కి మడిచి, మూడు పాయల్నీ మళ్ళీ జడలోకే గుచ్చి దూర్చేశాడు. ఉంగరం వేసేశాడురా, కూతురి జడకి. పెన్సిలు పెట్టి గుచ్చాడట. ఎంత బిగించాడంటే పిల్ల కనుబొమ్మలు రెండూ నుదుటి మీదకెక్కాయి. రోజంతా దానికేదో ఆశ్చర్యం వేసినట్టే ఉంది మొహం. సాయంత్రం విప్పబోతే రాలేదు. మర్నాడూ రాలేదు. మూడో రోజు టీచరమ్మ తను విప్పుతానని కూర్చుని, గోళ్ళు విరగ్గొట్టుకుని, చివరికి కత్తెర తీసింది. అంతే, పిల్ల బల్ల మీంచి దూకి, గుమ్మం దాటి, రోడ్డుకి అటువైపున్న మా గేట్లోకి ఒకటే పరుగు. వెనకాల టీచరమ్మ, ఆవిడ వెనకాల గేటు వాచ్‌మన్. పని ఆగిపోయింది. జాకీ దాన్ని తాళ్ళ చుట్ట మీద కూర్చోబెట్టి, ఆ ఇనప సూది చొక్కాతో తుడిచి, మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టి అయిదింటికి విప్పాడు. పద్నాలుగు మందీ చుట్టూ నిలబడ్డాం. నేనూరుకుంటానా. 'ఒరేయ్, దీనికి క్రేను తగిలించి నలభై అడుగులు లేపుదామా?' అన్నాను. అందరూ ఒకటే నవ్వు. వాడు తలెత్తలేదు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఆ పిల్ల తిరిగి నా వంక చూసి, 'మా నాన్న వేసింది ఊడలేదు. మీరు వేసిందే ఊడిందట కదా' అంది. చచ్చాను. నిజమేరా, ఒక్కసారి ఊడింది. ఒక్కసారే. అది తడి తాడు, ఆ కథ వేరు. ఇంట్లో కూతురికి చెప్పేశాడు, ద్రోహి.

మర్నాడు పొద్దున్నే వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. 'మేస్త్రీ, మధ్యాహ్నం తిండి వేళ తాళ్ళు తగిలించే ఆ చివరి కొక్కెం నాకు కావాలి' అన్నాడు. ఎందుకురా అంటే చెప్పలేదు. చూద్దును కదా, పాత తాడు ముక్క ఒకటి పేటలన్నీ విప్పి, పీచు పీచుగా దువ్వి, కొక్కేనికి వేలాడదీశాడు. అచ్చం జుట్టే. దాని వెనక నిలబడి అల్లడం, విప్పడం. అల్లడం, విప్పడం. పైగా బస్సు స్టాపులో ఓ ఆడమనిషి వెనక నిలబడి జడ వంక గుచ్చి గుచ్చి చూశాడట. ఆవిడ చటుక్కున తిరిగి, 'ఏం చూస్తున్నావ్?' అంది. చెప్పు మీదికి చెయ్యి పోతోందట అప్పటికే. వీడు, 'మూడో పాయ ఎటునుంచి వస్తోందో తెలియడం లేదమ్మా, మా పిల్లకి వెయ్యాలి' అన్నాడు. అంతలావు మనిషి అలా అనేసరికి ఆవిడ ఫక్కున నవ్వి, రెండు బస్సులు వదిలేసుకుని, జడ విప్పి మెల్లిగా మళ్ళీ అల్లి చూపించిందట. నాలాంటివాడైతే 'ఏం లేదండీ' అని జారుకునేవాడు. అడగడం చేతకాక ఎంతమంది మగాళ్ళు ఏమీ నేర్చుకోకుండా పోయారో లెక్క తియ్యాలంటే నీ కంప్యూటరు చాలదు.

ఇక షెడ్డులో వాళ్ళు ఊరుకుంటారా. తాడు పని చేసేవాడి ముందు ఇంకొకడు తాడు తప్పుగా పేనుతుంటే చూస్తూ కూర్చోలేడు, అది మా జబ్బు. మొదట దూరం నుంచి, 'ఎడమ పాయ లావైంది' అన్నాడొకడు. 'నీ మొహం, కుడిది పలచబడింది' అని ఇంకొకడు. వారం తిరిగేసరికి కొక్కేలన్నిటికీ పీచు జడలే. పద్నాలుగు మంది మొరటోళ్ళు, మూతి మీద మీసాలు, చేతిలో జడలు. నేను కూడానా? నేను మేస్త్రీని, నాకు రాకపోతే ఎలా? పదో రోజుకి నాలుగు పాయల జడ కూడా వేశాను, ఏమనుకున్నావు. కానీ అందరిదీ ఒకటే తప్పు. అల్లగానే పట్టుకుని గుంజి చూస్తాం, బరువు మోస్తుందా లేదా అని. జాకీయే కనిపెట్టాడు. ఓ రోజు తింటూ తింటూ చెయ్యి ఆపేసి, 'మేస్త్రీ, మనం తాడుని ఎప్పటికీ విడిపోకుండా వేస్తాం. ఇది సాయంత్రం విప్పాల్సిన పని. రోజూ విప్పాలి, రోజూ మళ్ళీ వెయ్యాలి. అందుకే మనకి రావడం లేదు' అన్నాడు. ఇరవై ఏళ్ళ సర్వీసు నాది, నాకు తట్టలేదు ఆ మాట. బిగించడమే తెలుసు మాకు. వదులుగా పట్టుకుని కూడా జారనివ్వకుండా ఉండటం, అది వేరే విద్యరా.

నెల తిరిగింది. అత్తగారు చెప్పిన రోజుకే వచ్చింది, ఇంటికి తాళం ఉంటే నేరుగా షెడ్డుకే వచ్చేసింది. అప్పటికి పిల్ల కూడా బళ్ళోంచి రోజూ తిండి వేళకి అక్కడికే వచ్చేది. రెండు జడలు, చివర్న ఎర్ర రిబ్బన్లు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని ముందు చూసింది, వెనక చూసింది. 'ఇవి ఎవరో ఆడమనిషి వేసినవి' అని రెండూ విప్పేసింది. 'ఇప్పుడు నా ముందు వెయ్యి.' జాకీ దువ్వెన తీసుకున్నాడు. రేయ్, నలభై అడుగుల ఎత్తున రాయిలా వేలాడినవాడు, వాడి మోకాళ్ళు వణకడం నేను చూశాను. నా రూలు ప్రకారమైతే ఆ వారం గ్లాసులు వాడే కడగాలి. మొదటి జడ సగంలో పాయ జారిపోయింది. నా ప్రాణం పోయింది. పక్కనున్నవాడు నా చెయ్యి పట్టేసుకున్నాడు, ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు కూడా. వాడు ఆగాడు. విప్పాడు. మొదటినుంచి మొదలుపెట్టాడు. ఆ పిల్ల మాత్రం అరటిపండు తింటూ కాళ్ళూపుకుంటోంది. వాడి వేళ్ళు ఎటు తిప్పితే తల అటు వాలిపోతోంది, సగం నిద్రలో ఉన్నట్టు. రెండో జడ కూడా అయింది. అత్తగారు రెండూ పట్టుకుని చూసింది, చెవి వెనక చూసింది. చివరికి, 'పాపిడి వంకరగా ఉంది. రాత్రి విప్పి పడుకోబెట్టు, జడతో పడుకుంటే జుట్టు తెగుతుంది. నడుం దాకా రావాలందిగా వాళ్ళమ్మ' అంది. అని, సంచీ భుజాన వేసుకుని, పిల్ల బుగ్గ గిల్లి, ఒక్కతే వెళ్ళిపోయింది. అంతే, షెడ్డు దద్దరిల్లిపోయింది. డబ్బాలు వాయించినవాడు వాయించాడు, క్రేను మీదున్నవాడు హారన్ కొట్టాడు, ఏమైందో తెలియకుండానే రేవులో ఉన్న ఓడ కూడా కూత పెట్టింది. జాకీ ఓ మూల కూర్చుని రెండు చేతులూ చూసుకుంటున్నాడు. నేను వెళ్ళి వాడి పక్కన కూర్చున్నాను. ఆ వారం గ్లాసులన్నీ నేనే కడిగాను. ఎందుకని ఎవడూ అడగలేదు.

ఆ సాయంత్రం నేను ఇంటికి నడిచానా, ఎగిరానా, నాకే తెలీదు. దారిలో రిబ్బన్లు కొన్నాను, పచ్చవి, రెండు గజాలు. నాకూ ఇంట్లో పిల్ల ఉంది కదా. మీ అమ్మకి అప్పుడు ఎనిమిదేళ్ళు. నాకు నాలుగు పాయలు వచ్చు, జాకీకి మూడే, అదీ నా సంబరం. గుమ్మంలోంచే కేకేశాను, 'ఇలా రా, ఇటు తిరిగి కూర్చో' అని. పుస్తకం మూసి వచ్చింది. కూర్చుంది. నేను తల మీద చెయ్యి వెయ్యగానే రెండు చేతులూ చెవుల మీద కప్పుకుని, తల మోకాళ్ళలోకి దించేసి, 'ఇంకెప్పుడూ చెయ్యను నాన్నా' అంది. ఏం చెయ్యనంటోందో దానికీ తెలీదు. ఏ తప్పూ చెయ్యలేదు కదా. మీ అమ్మమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది, చేతిలో గరిటె అలాగే ఉంది. 'కాదమ్మా, జడ వేస్తాను' అన్నాను. చేతులు తీసింది. వేశాను. బాగానే కుదిరింది, నాలుగు పాయలూ సమంగా వచ్చాయి. కానీ వేస్తున్నంతసేపూ ఆ మెడ నా చేతుల కింద కర్రలా బిగుసుకునే ఉంది. ఇరవై ఏళ్ళు తాళ్ళు పట్టినవాణ్ణి, ఎంత బిగిసిన తాడైనా ఎక్కడ పట్టుకుంటే వదులవుతుందో నాకు తెలుసు. ఆ మెడ...

మీ అమ్మ ఎన్నింటి బస్సుకి వస్తానంది?