ఏటవాలు అరుగు

అమలాపురం పెద్ద బజారు, మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. ముక్తేశ్వరం వర్తకుడు సూరిబాబు, అతని భుజం పట్టుకుని పిండికట్టు కాలితో భార్య కనకమ్మ.

"లెక్క చూడు కనకం. మన చేతిలో ఉన్నవి ఒక గొడుగు, ఒక సంచీ, మోపకూడని కాలొకటి. బస్సుకి ఇంకా రెండున్నర గంటలు. ఇంత బజార్లోనూ మనిషి కూర్చోడానికి మూరెడు జాగా లేదు."

"లెక్క తరవాత చూద్దురుగాని, ముందు నన్ను ఎక్కడో అక్కడ కూలబడనివ్వండి. ఆ డాక్టరుగారి బల్ల మీదే ఉండిపోవాల్సింది."

"ఉండనిచ్చేడా? ఒంటిగంట కొట్టగానే కాంపౌండరు తలుపులు మూసేసేడు. కట్టు మార్పించుకున్నవాళ్లకి ఇంకా ఇక్కడ పనేంటన్నాడు."

"మందుల కొట్టు ముందర బల్లుంది కదండీ."

"అడిగేను. మందులు కొన్నవాళ్లకేనట. కొన్నామయ్యా అంటే చీటీ చూపించమన్నాడు. చూపిస్తే, ఇది పొద్దుటి చీటీ అన్నాడు."

"కాఫీ హోటలు మేలు. పావుగంటైనా కూర్చోనిచ్చేరు."

"ఏం మేలు? రెండో కాఫీ చెప్పలేదని మూడుసార్లు బల్ల తుడిచేడు, నా మోచెయ్యితో సహా. ఆ గుడ్డ కంపు ఇంకా పోలేదు. ఛీ."

"పోనీ ఆ పాత్రల కొట్టు అరుగు మీద…"

"తడి చూడు. గంటకో బిందె కుమ్మరిస్తున్నాడు. పక్కవాడు గాజుపెంకులు పాతేడు. ఆ చివరివాడు తారు పూసేడు, పూసి లోపల కూర్చుని నవ్వుకుంటున్నాడు. వీళ్లూ వర్తకులేనా? చూస్తుంటే రోత పుడుతోంది."

"ఎవరెవరు ఏం చేసేరో మీకు ఇట్టే తెలిసిపోతోందండీ."

"కొట్టు నడిపేవాడికి తెలీదా?"

"ఇదిగో, ఈ బట్టల కొట్టు అరుగు పొడిగానే ఉంది. కూర్చుంటున్నాను… అయ్యో, జారిపోతున్నానండీ. పట్టుకోండి."

"బెత్తెడు వాలు. లే కనకం, లే. ఇక్కడ వద్దు."

"దయచేయండి."

"విన్నావా? కొట్టాయన బయటికొచ్చి మరీ పొమ్మంటున్నాడు. పద."

"పొమ్మనలేదండీ. దయచేయమన్నారు. లోపలికి రమ్మంటున్నారు."

"ఆ మాటకి రమ్మనీ అర్థమే, పొమ్మనీ అర్థమే. చెయ్యి చూడలేదా? రోడ్డు వైపు ఊపేడు."

"నేను చెయ్యి చూళ్లేదు, మాట విన్నాను. ఆయ్, వస్తున్నామండీ. ఈ పరుపు మీద కూర్చోమంటారా?"

"అమ్మా, నేనన్నది…"

"అబ్బా. చచ్చి బతికేనండీ. మీ పేరేంటండీ?"

"భీమరాజు అంటారమ్మా. ఏం చూపించమంటారు? చీరలా, జాకెట్టు గుడ్డలా?"

"ఏం వద్దండీ. కాలు విరిగింది. నాలుగున్నర బస్సు దాకా కూర్చుంటాను."

"కూర్చోబెట్టడానికి కొట్టు పెట్టలేదమ్మా."

"తెలుసండీ. మీరు పిలిచేరని వచ్చేం."

"సరే, కూర్చోండి. కాలు విరిగిన ఆడమనిషిని లేవగొట్టేడని నాలుగు కొట్లవాళ్లూ చెప్పుకుంటారు. మీరూ రండి బాబూ, ఎండలో ఎందుకు?"

"పరవాలేదండి, నాకు నిలబడ్డమే అలవాటు."

"భీమరాజుగారూ, అరుగు ఇలా ఏటవాలుగా కట్టించాలని మీకెలా తోచిందండీ?"

"ఇప్పుడదంతా ఎందుకు కనకం? ఆయన కొట్టు, ఆయన అరుగు."

"చెప్పనివ్వండి."

"ఆ బుర్ర నాది కాదమ్మా. తాపీమేస్త్రి సాలమోను చెప్పేడు. ముక్తేశ్వరంలో ఓ కిరాణా కొట్టాయన కిందటేడు కట్టించేడట. నీళ్లు మొయ్యక్కర్లేదు, తారు కొనక్కర్లేదు, ఎవర్నీ ఒక్క మాట అనక్కర్లేదు. కూర్చున్నవాడు తనంతట తనే జారి పోతాడు. సాలమోను ఆ కొలతలే తెచ్చి కట్టేడు. ఆ వర్తకుణ్ణి నేను చూళ్లేదుగానీ, మహా తెలివైనవాడమ్మా."

"కనకం, బయల్దేరదామా? బస్సు ముందే వస్తుందేమో."

"ఇప్పుడేగా వచ్చేరు. ఇంతకీ మీదే ఊరండి?"

"మాదా? రాజోలండి."

"రాజోలుకి అరగంటకో బస్సుందే. నాలుగున్నర దాకా ఎందుకు?"

"అంటే… ఆ బస్సులన్నీ రద్దీ అండి."

"మా ఆయన మొహమాటపడుతున్నారండీ. మాది ముక్తేశ్వరమే. ఆ కిరాణా కొట్టు మాదే. ఏడాది నుంచీ ఆ అరుగు మీద ఒక్కళ్లూ కూర్చోలేదు. పది రోజుల కిందట పొద్దున్నే ముగ్గేసి, నడుం పట్టేస్తే, వాలు సంగతి మరిచిపోయి నేనే దాని మీద కూర్చున్నాను. ఆ తెలివి వల్ల మాకు దక్కింది ఈ విరిగిన కాలేనండీ. ఇప్పుడు చెప్పండి, లేవమంటారా?"