హార్స్‌లీ కొండకు సైకిల్

హఫీజ్‌పేట్‌లో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. కారు వెనక స్టాండుకు కవరు తొడిగిన సైకిల్ బిగిస్తున్న రవీందర్‌కు ఈ ప్రయాణం మీది సంబరం అప్పటికే సగం చచ్చిపోయింది. పక్కన భార్య నవ్య.

"ఇంకోసారి అడుగుత నవ్యా. ఇది లేకుంటే నడవదా?"

"నడవదు. బెల్టు గట్టిగా లాగు."

"నాలుగు రోజుల సెలవు. ఎన్నడో దొరికింది."

"అందుకే లాగమంటా ఉండా."

"కోతులుంటయట ఆడ. సీటు పీక్కపోతయ్."

"హార్స్‌లీ కొండ మా మదనపల్లె పక్కనే. అక్కడి కోతుల సంగతి నువ్వు నాకు చెప్తావా?"

"సరే, కోతులు ఇడిసిపెట్టు. ఘాట్ రోడ్డు సంగతేంది? చిన్నప్పుడు బస్సుల పోతుంటే మలుపు మలుపుకు వాంతులైనయని నువ్వే చెప్పినవ్ గద."

"అది బస్సులో. సైకిల్ మీద కాదు."

"నువ్వు తొక్కేది ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సైకిల్ ట్రాక్ మీద. నెత్తి మీద కప్పు, కింద అద్దం లెక్క రోడ్డు. కొండంటే వేరే ఉంటది."

"వేరేనే. అందుకే జశ్వంత్ దగ్గర కూర్చొని ప్లానంతా మార్పించినా."

"మల్ల జశ్వంతా! మీ క్లబ్బు కోచ్ మన సెలవుల్లకు గూడ వస్తడా?"

"రాడు గానీ, విను. కిలోమీటర్లు లెక్కపెట్టకూడదంట. స్పీడు అసలు చూడకూడదంట. అన్నిటికన్నా తేలిక గేరు వేసుకొని మెల్లగా ఎక్కాల. ప్రతి మలుపు దగ్గరా ఆగాల."

"ఆగాల్నా? నువ్వా? సిగ్నల్ కాడ ఆగనీకే తిట్టుకుంటవ్."

"కొండ మీద ఆగాల. మొదటి రోజు కొంచెం దూరం ఎక్కి దిగొచ్చేయాల. రెండో రోజు కాళ్లకు విశ్రాంతి."

"పొద్దున లేస్తే వంద కిలోమీటర్లు తొక్కేదానివి, నీకు గిదేం ట్రైనింగే? కొత్తగ నేర్చుకునేటోళ్లకు చెప్పినట్టుంది."

"ఆ పక్క బెల్టు వదులైంది, చూడు."

"మాట మార్చకు."

"మార్చలేదు. ఇంకోటుంది. ఎక్కేటప్పుడు మాట్లాడగలగాల. మాట తెగితే శక్తికి మించి తొక్కుతున్నట్టు. వెంటనే దిగిపోవాల."

"మాట్లాడాల్నా? ఎవరితోని? కోతులతోనా?"

"నువ్వు చిన్నప్పుడు హఫీజ్‌పేట్ స్టేషన్ కాడికి డబుల్ సవారీ తొక్కేవాడివంట కదా. అత్తమ్మ చెప్పింది."

"అప్పుడు రోడ్ల మీద కార్లేడియి? ఇప్పుడు రెండు ఫ్లోర్లెక్కితే రొప్పొస్తది. నా సంగతెందుకు గానీ... మాట్లాడాలని చెప్పిండు గద మీ కోచ్. నాతోని నువ్వు సక్కగ మాట్లాడి ఎన్ని దినాలైందో యాదున్నదా? నేను నైట్ షిఫ్ట్ దిగి వచ్చేసరికి నువ్వు హెల్మెట్ పెట్టుకొని లిఫ్టుల ఉంటవ్. 'పాలు ఫ్రిజ్‌ల ఉన్నయ్.' గదే మన సంసారం."

"నువ్వు మాత్రం? ఆదివారం మధ్యాహ్నం దాకా ముసుగు తీయవు. నిద్రపోయేవాడితో ఏం మాట్లాడేది?"

"గందుకే గదనే ఈ కొండ బుక్ చేసిన!"

"అంటే?"

"ఏం లేదు. ఇడిసిపెట్టు."

"చెప్పు రవీ."

"ముందుగాల సూర్యలంక బీచ్ అనుకున్న. ఆడ రోడ్లన్నీ చదును. సైకిల్ పట్టుకొస్తవని ఫికరైంది. కొండైతే ఇంట్ల పెట్టి వస్తవనుకున్న. నాలుగు దినాలు నా పక్కన కూసుంటవనుకున్న. ఇగ నవ్వుకో."

"నవ్వలేదు."

"ఆడ గూడ పొద్దుగాల కండ్లు తెరిచేసరికి మంచం మీద నీ జాగ ఖాళీగుంటది. గంతే గద?"

"ఉండదు."

"ఉండకుంటే మల్ల ఇదెందుకు? ఏందిది, లేపేటప్పుడే అనుకున్న, గింత బరువుంది! నీ సైకిల్ ఒక్క చేత్తోని లేపేటోన్ని."

"గేర్లు మార్పించినా. కవరు తీయొద్దు!"

"తీస్తలేను. సీటు గింత ఎత్తున్నదేంది? నీ కాళ్లు పెడల్‌కు అందుతయా? కొండ కోసం సీటు గూడ లేపిండా ఆయన?"

"లేపినాడు. ప్యాంటు కొలత తీసుకొని."

"నీ ప్యాంటు ఆయనకెందుకిచ్చినవ్?"

"నాది కాదు."

"మల్ల ఎవరిది?"

"నీ నీలం జీన్స్. పోయిన నెల నుంచి వెతుక్కుంటా ఉండావే, అది."

"నా జీన్సా? నవ్యా, ఏందే... ఏం చెప్తున్నవ్?"

"నా సైకిల్ ఇంకా పైన బాల్కనీలోనే ఉండాది. పోయి తీసుకురా. లిఫ్టు ఎక్కొద్దు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకొని మెట్లెక్కు, నాతో మాట్లాడతా ఎక్కు."