మూడో వరస చీటీలు

నా అసలు పేరు మీ ఫైలు అట్ట మీద ఉన్నదే. ముప్పయ్యొక్క ఏళ్ళు పనిచేసిన ఆఫీసులో మాత్రం అది ఎవరికీ గుర్తు లేదు. రిజిస్టరు గళ్ళు నింపేవాణ్ణి కనుక అక్కడ అందరికీ నేను గళ్ళ తాతను. వయసు అరవై ఎనిమిది. జనన మరణాల నమోదు ఆఫీసులో మరణాల గుమాస్తాగా పనిచేసి ఆరేళ్ళ కిందట రిటైరయ్యాను. బడికి వెళ్ళింది రెండేళ్ళే. మిగతా చదువంతా కిరాణా పొట్లాల కాగితాలు విప్పి చదువుకున్నదే. అందువల్ల ఏ కథా నాకు మొదటినుంచి తెలియదు, ఏ కథా చివరిదాకా తెలియదు. ఇన్‌స్పెక్టరు గారు అడగగా, ఎవరి బలవంతమూ లేకుండా చెబుతున్నాను.

మరణాల రిజిస్టర్లలో చీటీలు అంటించింది నేనే. మొత్తం నూట అరవై మూడు. నాకు ఎవరూ సాయం చేయలేదు. ఆఫీసులో ఎవరికీ తెలియదు.

ఎందుకు అంటించానో చెప్పాలంటే ముందు గడి సంగతి చెప్పాలి. నేను ఆ ఆఫీసులో కుండల్లో నీళ్ళు నింపడానికి చేరాను. నా అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని పెద్ద గుమాస్తా చేరిన నెలకే నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. మహానుభావుడు, రూళ్ళకర్రతో గీత గీస్తే గాలి కూడా పక్కకి తప్పుకునేది. ఆ రూళ్ళకర్ర సంగతి ఒకటుంది...

(విషయానికి రమ్మని ఇన్‌స్పెక్టరు గారు సూచించారు.)

వస్తున్నాను. ఆస్పత్రి నుంచి వచ్చే మరణ ఫారంలో కారణం రాయడానికి మూడు వరసలుంటాయి. డాక్టర్లు మూడూ నింపుతారు. మా రిజిస్టరులో కారణానికి ఉన్నది ఒకటే గడి, రెండు వేళ్ళ వెడల్పు. "మూడు వరసలు ఎలా పడతాయండీ?" అని మొదటిరోజే అడిగాను. పెద్ద గుమాస్తా, "పై వరస రాయి. ముఖ్యమైనది కాకపోతే పైన ఎందుకు రాస్తారు?" అన్నాడు. నాకు సబబుగానే తోచింది. ఏ కాగితంలోనైనా పైన ఉండేది పెద్దవాళ్ళ పేరే కదా. అలా పై వరస రాస్తూ పోయాను. ఊపిరి ఆగి. గుండె ఆగి. ఊపిరి ఆగి. రక్తపోటు పడిపోయి. ఊపిరి ఆగి. నా తర్వాత ఆ బల్ల దగ్గరికి వచ్చిన అమ్మాయికి కూడా అదే నేర్పాను. తెలివైన పిల్ల, ఒక్కసారి చెబితే పట్టుకుంది.

నా బామ్మర్ది బైండింగు పనివాడు. నా భార్యకు తమ్ముడు, నాకన్నా ఐదేళ్ళు చిన్న. మా ఆఫీసు రిజిస్టర్లన్నీ కుట్టి అట్టలు వేసింది అతనే. మా ఇద్దరికీ మాటల్లో ఎప్పుడూ పడేది కాదు, మాటలు లేకపోతే అసలు పడేది కాదు. "బావా, నేను కుట్టిన పుస్తకంలో నువ్వు రాసిన రాత ఒకటే అందంగా ఉండదు" అనేవాడు. "నువ్వు కుట్టాక అది ఎలాగూ తెరుచుకోదు, అందంతో పనేముందిరా" అనేవాణ్ణి.

అతనికి షుగరు ఉంది. ఈ ఏడాది మొదట్లో దగ్గు పట్టుకుంది. ముందు క్షయ అన్నారు. మూడు నెలలు ఆ మందులే మింగాడు. జూన్ 3, మంగళవారం, ఉదయం పదీ ఇరవైకి దగ్గులో రక్తం పడితే ఆటోలో పెద్దాస్పత్రికి తీసుకెళ్ళాను. దారంతా నా భుజానికి ఆనుకుని కూర్చున్నాడు. బరువు లేడు. చొక్కా జేబులో దారం ఎక్కించిన సూది ఉంది, గుచ్చుకుంటుందేమోనని తీసి నా జేబులో పెట్టుకున్నాను. అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది. దీనితో కేసుకు సంబంధం లేదని నాకు తెలుసు.

జూన్ 5, గురువారం, మధ్యాహ్నం పన్నెండుంపావుకు వార్డు డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచి, క్షయ కాదని, ఊపిరితిత్తుల్లో ఫంగస్ పెరిగిందని చెప్పారు.

"ఫంగస్ అంటే బూజేనా అమ్మా?" అన్నాను.

"ఆ జాతిదే అనుకోండి. గాలిలో అందరం పీలుస్తూనే ఉంటాం. ఒంట్లో సత్తువ తగ్గినవాళ్ళలో అది వేళ్ళూనుతుంది."

"మందు ఉందా?"

"ఉంది. మా దగ్గర లేదు. రాజధాని గోదాము నుంచి తెప్పించాలి, ఈరోజే రాశాను. ఐదారు రోజులు పడుతుంది."

ఇంత పెద్ద ఆస్పత్రిలో ఎందుకు లేదని అడిగాను. ఆమె గదిలోకి వెళ్ళి లావుపాటి అచ్చు పుస్తకం తెచ్చారు. దేశంలో ఏటా ఎవరు దేనితో పోతున్నారో చెప్పే పుస్తకం. ఫంగస్ జబ్బుల పేజీ తెరిచి మా ఊరి వరస మీద వేలు పెట్టారు. సున్నా. అంతకుముందు ఏడాదీ సున్నా. దాని ముందుదీ సున్నా. దేశం మొత్తం కలిపి ఒక చిన్న బడి హాజరుపట్టీ అంత లేదు.

"దీన్ని చూసే మందులు పంచుతారు తాతగారూ. జబ్బే లేని ఊరికి మందు ఎందుకు పంపుతారు? పోయిన ఏడాది ఒక్క నా వార్డులోనే పందొమ్మిది మంది పోయారు. పందొమ్మిది ఫారాలూ నా చేత్తో రాశాను. వాటిని సున్నా ఎవరు చేశారో నాకు అర్థం కాదు."

"ఫారంలో ఎక్కడ రాశారమ్మా?" అన్నాను.

"ఎక్కడ రాస్తాం, మూడో వరసలో. చావుకు మూలమైన జబ్బు కింద రాస్తాం. పై వరస అంటే చిట్టచివర జరిగింది, అంతే. లెక్కకు కావలసింది కింద వరసే."

నేను వరండాలో బల్ల మీద కూర్చున్నాను. అక్కడ ఒక ముసలామె గ్లాసులో చెంచా తిప్పుతూ ఉంది. గ్లాసులో ఏమీ లేదు. చాలాసేపు తిప్పింది. నేనూ చాలాసేపు చూశాను. వాటిని సున్నా చేసింది నేనే అని ఆ డాక్టరమ్మతో చెప్పలేదు. ఈరోజు చెబుతున్నాను.

సాయంత్రం బామ్మర్దికి జబ్బు పేరు చెప్పాను. కాగితం మీద రాసి చూపించమన్నాడు. చూసి నవ్వాడు, నవ్వి దగ్గాడు.

"బావా, ఇంత పొడుగు పేరు నీ గడిలో పట్టదు."

"పట్టిస్తాలేరా. నువ్వు ముందు లేచి కూర్చో."

"నే లేస్తే ఇంక పట్టించడం దేనికి?"

"నోర్ముయ్యి."

ఆఖరున అతనితో అన్న మాట అదే. మర్నాడు నోట్లో గొట్టం పెట్టారు. జూన్ 8, ఆదివారం, మధ్యాహ్నం మూడుంపావుకు పోయాడు. మందు జూన్ 10, మంగళవారం వచ్చింది. అట్టపెట్టెలో వచ్చింది. పెట్టె మూలలు చక్కగా మడిచి ఉన్నాయి, బామ్మర్ది చూస్తే మెచ్చుకునేవాడు.

జూన్ 12, గురువారం, పదకొండింటికి నమోదు కోసం మా ఆఫీసుకు వెళ్ళాను. నేను నేర్పిన అమ్మాయే బల్ల దగ్గర ఉంది. నన్ను చూసి కళ్ళు తుడుచుకుంది, అతను తనకూ తెలుసు. ఫారం తీసుకుని రిజిస్టరులో రాసింది. ధ్రువపత్రం చేతికిచ్చింది. కారణం: ఊపిరి ఆగి.

"తల్లీ, మూడో వరస చూశావా?" అన్నాను.

"పై వరస చాలని మీరే నేర్పారు కదండీ" అంది. వెటకారం లేదు. నిజంగానే అంది.

ఇంటికి వెళ్ళాక నా భార్య అడిగింది. "ఏమండీ, నా తమ్ముడు దేనితో పోయాడని రాశారు?"

చదివి వినిపించాను.

"ఊపిరి ఆగకుండా ఎవరు పోయారండీ?" అంది.

నేను ముప్పయ్యొక్క ఏళ్ళు రాశాను. ఈ ప్రశ్న నాకు ఒక్కసారీ తట్టలేదు. ఆమె వంటింట్లోకి వెళ్ళింది.

మర్నాడు మా ఆఫీసు సూపరింటెండెంటు గారిని కలిసి, పాత ఫారాలు చూసి రిజిస్టర్లు సరిచేయించమని అడిగాను. "నమోదైంది నమోదైనట్టే తాతా. మూసిన పుస్తకం తెరవడానికి రూలు లేదు. ఇంట్లో విశ్రాంతి తీసుకో" అన్నారు. మర్యాదగానే అన్నారు. టీ కూడా ఇప్పించారు.

జూన్ 16, సోమవారం నుంచి ఆగస్టు 11, సోమవారం దాకా, నలభై ఒక్క పనిదినాలు, ఒంటిగంటకు అందరూ భోజనానికి లేవగానే వెనకగదిలోకి వెళ్ళేవాణ్ణి. పాత మనిషినని ఎవరూ అడగలేదు. అల్మరా తాళం నా రోజుల్లోనే పాడైంది, తలుపు కాస్త పైకెత్తి లాగితే వస్తుంది. ఇది కూడా నేరమైతే రాసుకోండి. ఫారాల కట్టలు తొమ్మిదేళ్ళవే మిగిలాయి. అంతకు ముందువి వాన కారి ముద్దయిపోయాయి. వాటి మీద ఏం పెరిగిందో నేను చెప్పక్కర్లేదు. ఆ మనుషులు దేనితో పోయారో ఇంక ఎవరికీ తెలియదు.

ఉన్న ఫారాల్లో మూడో వరస చదివాను. ఫంగస్ అని ఉన్న ప్రతి ఫారానికీ, రిజిస్టరులో ఆ పేరు వెతికి, చీటీ మీద మూడో వరస ఉన్నదున్నట్టు రాసి, కారణం గడి పక్కన అంచుకు అంటించాను. పాత రాతను కొట్టేయలేదు, చెరపలేదు. యాభై రెండు నా చేతి రాతకు, నూట పదకొండు ఆ అమ్మాయి రాతకు. ఆ నూట పదకొండు కూడా నావే, ఆమెను ఇందులోకి లాగవద్దు. కాన్పైన పదిహేనో రోజు పోయిన ఒక బాలింత ఉంది. అమ్మను ఆస్పత్రిలో చేర్చిన వారానికే తానూ చేరిన కొడుకు ఉన్నాడు. బ్యాండు మేళంలో బాకా ఊదే ఆయన ఉన్నాడు. ఆయన పేరు పక్కన ఊపిరి ఆగి అని నేనే రాశాను, గుండ్రంగా రాశాను.

ఆగస్టు 12, మంగళవారం, ఒక నకలు కోసం రిజిస్టరు తీసిన అమ్మాయి చీటీలు చూసింది. నాకు ఫోను చేసింది. "తాతగారూ, ఇది మీ రాతే. నేను పైకి చెప్పక తప్పదు" అని ఏడ్చింది. "చెప్పమ్మా. చెప్పకపోతే నీ ఉద్యోగం పోతుంది" అన్నాను. ఆమె చేసింది సరైన పని. కింద వరసలు రాయడం కూడా నేర్పి ఉంటే అదీ సరిగ్గానే చేసేది.

ప్రభుత్వ రికార్డును పాడుచేశానని కేసు. ఒప్పుకుంటున్నాను. శిక్ష వేయండి, వకీలును పెట్టుకోను. ఒక్కటే మనవి. చీటీలన్నీ ఆవిరి పట్టి ఊడదీయమని సూపరింటెండెంటు గారు ఉత్తర్వు ఇచ్చారట. ఏడాది చివర రాజధానికి లెక్క పంపేది ఆ పుస్తకాలు చూసే. చీటీలు ఉంటే ఈసారి మా ఊరి వరసలో సున్నా ఉండదు. సున్నా లేకపోతే ఆ అట్టపెట్టె ముందే వచ్చి వార్డు అల్మరాలో కూర్చుంటుంది. వాటిని ఉండనివ్వండి.

ఇంకొకటి కూడా చెప్పడం న్యాయం. జిగురు నేను కొన్నది కాదు. మా బామ్మర్ది పద్ధతిలో మైదా ఉడికించి, అతని డబ్బాలో మిగిలిన మైలుతుత్తం కలిపాను. పురుగు రాదు, బూజు పట్టదు. ఆవిరికి కూడా లొంగదు. చీటీ ఊడదీస్తే దాంతోపాటు పేజీ వస్తుంది. అప్పుడు ఊపిరి ఆగి అన్నదీ పోతుంది, మనిషి పేరూ పోతుంది. చివరగా అంటించిన చీటీ అతనిదే. రెండు మడతలు పెట్టాల్సి వచ్చింది. పట్టింది.

చెప్పినదంతా రాశాక కాగితం నా చేతికిచ్చారు. పై వరస నుంచి కింద వరస దాకా చదువుకున్నాను. ఇందులో అబద్ధం లేదు, విడిచిపెట్టింది రూళ్ళకర్ర సంగతి ఒక్కటే.

(సంతకం)
(ఎడమచేతి బొటనవేలి ముద్ర)

స్టేషన్ రైటరు గమనిక: వేలి మీద ఎండిన జిగురు పొర ఉన్నందున మొదటి ముద్ర సరిగా పడలేదు. చేయి కడిగించి రెండోసారి వేయించడమైనది.